ఆసుపత్రిలో మెడికల్ సెక్రటరీ పని: కర్నూలులో కొత్తగా చేరేవారికి ఒక మార్గదర్శిని

కర్నూలు ఆసుపత్రుల్లో మెడికల్ సెక్రటరీ అన్న పేరుతో ఉద్యోగ ప్రకటన రావడం అరుదు. పని మాత్రం ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటుంది. ఒకచోట ఆ పని చేసేవారిని ఓపీ అసిస్టెంటు అంటారు, మరొకచోట వార్డు క్లర్కు అంటారు, ఇంకొకచోట మెడికల్ రికార్డ్స్ విభాగంలోని డేటా ఎంట్రీ ఆపరేటరుకే దీనిని అప్పగిస్తారు. చిన్న నర్సింగ్ హోములో అయితే రిసెప్షన్‌లో కూర్చున్నవారే ఓపీ చీటీ రాయడం, డాక్టరు గారి ఉత్తరాలు టైపు చేయడం, డిశ్చార్జి సమ్మరీ (రోగి ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చే చికిత్స సారాంశం) తయారు చేయడం, బీమా కాగితాలు పంపడం అన్నీ చూసుకుంటారు. పేరేదైనా పని ఒకటే: రోగికీ వైద్యునికీ మధ్య నడిచే ప్రతి కాగితమూ ఎవరిదో వారిదై ఉండాలి, అందులోని ప్రతి మాటా వైద్యుడు చెప్పినదే అయి ఉండాలి, అది అవసరమైన వేళకు అవసరమైన చేతికి అందాలి.

ఏదైనా డిగ్రీ, తెలుగు ఇంగ్లీషు రెండింటిలో టైపింగ్, కంప్యూటర్ మీద ఉత్తరాలూ పట్టికలూ తయారు చేయగల నేర్పు ఉంటే ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రవేశం దొరుకుతుంది. మెడికల్ రికార్డ్స్ కోర్సు చదివినవారికి సహజంగానే ప్రాధాన్యం ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇటువంటి పోస్టులను కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతుల్లో నింపేటప్పుడు ప్రకటనలు జిల్లా అధికారిక వెబ్‌సైటులో పెడతారు కాబట్టి మధ్యవర్తుల మాటల మీద ఆధారపడకుండా అక్కడే చూసుకోవడం మంచిది. కర్నూలు వైద్య కళాశాల 1956లో ఏర్పడింది. దానికి అనుబంధంగా ఉన్న సర్వజన ఆసుపత్రిని, అంటే ఊళ్లో అందరూ పెద్దాసుపత్రి అనేదానిని, ఒక ఉదయం ఓపీ వేళ బయటి నుంచి గమనించినా ఈ పని స్వభావం కొంత అర్థమవుతుంది. ఆదోని, నంద్యాల వైపు నుంచి మాత్రమే కాక తుంగభద్ర అవతలి ఆలంపూరు, గద్వాల నుంచి, కర్ణాటకలోని రాయచూరు, బళ్లారి నుంచి కూడా రోగులు వస్తారు. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఒకే వరుసలో వినిపిస్తాయి.

రోగి ఎవరో తేల్చుకోవడం

ఒకరి కాగితం మరొకరి ఫైలులో చేరడం కంటే ప్రమాదకరమైన పొరపాటు ఈ ఉద్యోగంలో లేదని నా అభిప్రాయం. అక్షరదోషం ఉన్న ఉత్తరాన్ని ఎవరైనా చదివి సరిచేసుకోగలరు. తప్పుడు ఫైలులో చేరిన రక్తపరీక్ష ఫలితం మాత్రం చూడటానికి పూర్తిగా సరైనదిగానే ఉంటుంది కాబట్టి దానిని ఎవరూ అనుమానించరు.

మన ప్రాంతంలో మద్దిలేటి, వెంకటేశ్వర్లు, రామాంజనేయులు, లక్ష్మీదేవి, మహబూబ్ బాషా వంటి పేర్లు గలవారు ఒకే రోజు ఒకే ఓపీలో ఇద్దరు ముగ్గురు ఉండటం వింత కాదు. అందువల్ల పేరు ఒక్కటే చూసి ఫైలు తీయకూడదు. పేరుతో పాటు ఓపీ (చూపించుకుని వెళ్లే రోగి) లేదా ఐపీ (ఆసుపత్రిలో చేరిన రోగి) నంబరు, అది తెలియకపోతే పుట్టిన తేదీ లేదా తండ్రి పేరు, ఇలా కనీసం రెండు గుర్తులు కలిసిన తరువాతనే అది ఆ మనిషి ఫైలని భావించాలి. అడిగే పద్ధతి కూడా ముఖ్యం. "మీరు వెంకటేశ్వర్లేనా?" అని అడిగితే తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి అలసిపోయిన పెద్దాయన, చెవి సరిగా వినిపించకపోయినా, "ఆ" అంటారు. "పెద్దాయనా, మీ పేరు చెప్పండి, ఏ ఊరు?" అని అడిగితే ఆయన నోటి నుంచే వివరం వస్తుంది. ఈ చిన్న అలవాటును మొదటి రోజునుంచే చేసుకోవాలి.

పేరును ఆధార్ కార్డులో ఉన్న అక్షరాలతోనే ఎక్కించాలి. ఇంగ్లీషులో మహబూబ్‌ను రెండు 'ఓ'లతో రాస్తారు, ఒక 'యు'తో రాస్తారు; బాషాలో 'హెచ్' ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు జరుగుతుంది. రోగి మీద దీని ప్రభావం ఆ రోజు కనిపించదు. ఆరునెలల తరువాత బీమా కంపెనీయో ప్రభుత్వ ఆరోగ్య పథకం ట్రస్టో పేరు కలవలేదని కాగితాలు తిప్పి పంపినప్పుడు కనిపిస్తుంది. హుసేనమ్మ, దస్తగిరమ్మ, కుళ్లాయప్ప వంటి పేర్లు ఇక్కడ హిందూ కుటుంబాల్లోనూ ముస్లిం కుటుంబాల్లోనూ ఉన్నాయి. పేరును బట్టి మతాన్నీ, మతాన్ని బట్టి ఇంటిపేరునూ ఊహించి గడులు నింపవద్దు. పెళ్లయిన స్త్రీ విషయంలో పాత ఫైలు తండ్రి పేరు మీద, కొత్త చీటీ భర్త పేరు మీద ఉండవచ్చు. రెండో ఫైలు తెరవడానికి ముందు పాతది ఉందేమో వెతకండి.

చిరునామాలో మరొక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. డోన్, బనగానపల్లె, ఆళ్లగడ్డ ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి, కానీ చాలామంది ఆధార్ కార్డుల్లో ఇంకా కర్నూలు జిల్లా అనే ఉంటుంది. కార్డులో ఉన్నది కార్డు వివరంగానే ఎక్కించి, ప్రస్తుత మండలాన్నీ జిల్లానూ అడిగి వేరుగా నమోదు చేయాలి. జనన మరణ నివేదికలకూ, అంటువ్యాధుల సమాచారం పంపడానికీ ఇదే ఆధారమవుతుంది.

ఫోను నంబరు ఎప్పుడూ రెండు తీసుకోండి. కోసిగి, ఆదోని ప్రాంతాల నుంచి కుటుంబాలు సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లే కాలంలో ఇంట్లో ఉన్న ఒక్క ఫోను కూడా వారితోనే వెళ్లిపోతుంది. బయాప్సీ ఫలితం వచ్చిందని చెప్పడానికి ఊళ్లో ఉండే మరొకరి నంబరు అప్పుడు పనికి వస్తుంది. అయితే ఆ రెండో నంబరు ఎవరిదో, వారికి ఎంతవరకు చెప్పవచ్చునో రోగినే అడిగి పక్కన రాసుకోవాలి.

వయసు తెలియని వృద్ధుల విషయంలో "సుమారు" అన్న మాట చేర్చి రాయడం నిజాయితీ. గర్భిణి వయసు విషయంలో మాత్రం వెంట వచ్చినవారు "పద్దెనిమిది అని వేసుకో అమ్మా" అని బతిమాలే సందర్భాలు ఎదురవుతాయి. ఆధార్‌లో ఉన్న తేదీని మార్చే అధికారం మీకు లేదు. పద్దెనిమిదేళ్ల లోపు బాలిక గర్భవతిగా వస్తే ఆ విషయం పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే పోక్సో చట్టం కిందకు వస్తుంది కాబట్టి, అందరి ముందూ చర్చ పెట్టకుండా, నిశ్శబ్దంగా వెంటనే డ్యూటీ డాక్టరుకు తెలియజేయాలి.

అప్పుడే పుట్టిన బిడ్డకు పేరు ఉండదు. "లక్ష్మీదేవి బిడ్డ" అని తల్లి పేరుతో, తల్లి ఐపీ నంబరుతో ముడిపెట్టి రాస్తారు. కవలలైతే మొదటి బిడ్డ, రెండో బిడ్డ అని పుట్టిన సమయంతో సహా రాయాలి. ఇక ఆభా సంఖ్య అనే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య ఉన్నవారు దానిని చెబితే నమోదు చేయండి. అది లేదన్న కారణంతో ఎవరినీ వెనక్కు పంపవద్దు.

డాక్టరు గారి మాటను కాగితం మీద పెట్టడం

వైద్యుడు చెబుతుంటే రాసుకోవడం, లేదా రికార్డు చేసినది విని టైపు చేయడం, లేదా కేస్ షీటులోని, అంటే రోగి చికిత్స వివరాలు రాసే పత్రంలోని, చేతిరాతను చదివి సమ్మరీగా కూర్చడం ఈ ఉద్యోగంలో రోజూ ఎక్కువ సమయం తీసుకునే భాగం. దీనికి వైద్యశాస్త్రం చదివి ఉండనక్కరలేదు, అయితే పదాల నిర్మాణం తెలిసి ఉండాలి. చివర 'ఎక్టమీ' వస్తే అవయవాన్ని తొలగించారని, 'ఆటమీ' వస్తే కోత పెట్టారని, 'ఆస్టమీ' వస్తే ద్వారం ఏర్పరచారని తెలిసినవారు కొలెక్టమీకీ కొలాస్టమీకీ తేడా వినగానే పట్టుకుంటారు. ముందు 'హైపర్' అంటే ఎక్కువ, 'హైపో' అంటే తక్కువ. ఫోనులో ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి "సార్, షుగరు ఎక్కువనా తక్కువనా?" అని అడిగి నిర్ధారించుకోవడం నామోషీ కాదు. డిస్ఫేజియా అంటే మింగడంలో ఇబ్బంది, డిస్ఫేసియా అంటే మాటలో ఇబ్బంది. ఇలియం అనే ఉచ్చారణ చిన్నపేగు చివరి భాగానికీ తుంటి ఎముకకూ ఒకటే, ఇంగ్లీషు అక్షరక్రమంలో మాత్రమే తేడా. ఇటువంటి జంటలను ఒక చిన్న పుస్తకంలో మీ విభాగానికి తగినట్లు రాసుకుంటూ పోతే, కొన్ని నెలల్లో ఆ పుస్తకం బజారులో దొరికే ఏ నిఘంటువు కంటే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

మందుల పేర్ల దగ్గర ఊహకు చోటే లేదు. మెట్‌ఫార్మిన్ మధుమేహానికి, మెట్రోనిడజోల్ ఇన్ఫెక్షన్‌కు. క్లోనిడిన్ రక్తపోటుకు, క్లోనజెపామ్ మూర్ఛకూ ఆందోళనకూ. హైడ్రలజీన్ ఒకటి, హైడ్రాక్సీజీన్ మరొకటి. మొదటి నాలుగు అక్షరాలు టైపు చేయగానే కంప్యూటరు చూపే జాబితాలో పై పేరును నొక్కే అలవాటు వీటి విషయంలో ప్రాణాంతకం కాగలదు. మందులను జనరిక్ పేర్లతో, స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలతో రాయాలని వైద్య మండలి 2016లోనే నిబంధనను సవరించింది. టైపు చేసేటప్పుడూ అదే పద్ధతి పాటించండి. మోతాదులో అర మిల్లీగ్రామును రాసేటప్పుడు చుక్కకు ముందు సున్నా తప్పక ఉండాలి, అంటే 0.5 అని రాయాలి. ఐదు మిల్లీగ్రాములను 5.0 అని రాయకూడదు, చుక్క కనిపించకపోతే అది 50 అవుతుంది. మిల్లీగ్రామునూ మైక్రోగ్రామునూ పూర్తిగా రాయండి. ఇన్సులిన్ దగ్గర యూనిట్లు అన్న మాటను ఒక్క 'యు'తో సరిపెడితే అది సున్నాలా కనిపించి మోతాదు పదింతలయ్యే ప్రమాదం ఉంది.

చీటీల మీద కనిపించే ఓడీ రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ పడుకునే ముందు, ఎస్ఓఎస్ అవసరమైతేనే. కానీ కంటి విభాగంలో ఓడీ అంటే కుడి కన్ను. అందువల్ల రోగి చేతికి ఇచ్చే కాగితంలో సంక్షిప్తాలు వాడకుండా "ఉదయం 1, రాత్రి 1, భోజనం తరువాత" అని తెలుగులో విడమరచి రాయడమే మేలు. చదువురాని వారికి ఉదయానికి సూర్యుని గుర్తు, రాత్రికి చంద్రుని గుర్తు ముద్రించిన పట్టికలు ఇచ్చే ఆసుపత్రులు ఉన్నాయి. మీ దగ్గర లేకపోతే అటువంటిదొకటి తయారు చేయించమని డాక్టరు గారిని అడగవచ్చు.

కుడి, ఎడమ అన్న మాటలను టైపు చేసిన ప్రతిసారీ ఆగి, కేస్ షీటుతోనూ, స్కాన్ రిపోర్టుతోనూ, ఆపరేషన్ నోట్సుతోనూ పోల్చి చూడాలి. మూడింటిలో ఒకటి వేరుగా ఉంటే మెజారిటీ చూసి మీరు నిర్ణయించకూడదు. పెన్సిలుతో గుర్తుపెట్టి డాక్టరుకు చూపించాలి. చదవలేని పదం ఉన్నచోట కూడా ఇంతే. ఖాళీ వదిలి పక్కన గుర్తు పెట్టడం సరైన పని, సందర్భాన్ని బట్టి తోచిన పదం వేయడం తప్పు పని. సంతకం పెట్టే తొందరలో డాక్టరు దానిని గమనించకపోవచ్చు కనుక, ఖాళీ ఉన్న కాగితాన్ని సంతకాల కట్టలో కలపకుండా విడిగా పట్టుకుని వెళ్లి అడగండి.

డిశ్చార్జి సమ్మరీలో రోగి వివరాలు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, రోగ నిర్ధారణ, వచ్చినప్పటి బాధలు, చేసిన పరీక్షలు, ఆపరేషన్ లేదా చికిత్స, వెళ్లేటప్పటి పరిస్థితి, ఇంటి దగ్గర వాడాల్సిన మందులు, తిరిగి రావలసిన రోజు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో అన్నీ ఉండాలి. చివరి రెండింటిని చాలాచోట్ల "రివ్యూ" అన్న ఒక్క మాటతో ముగిస్తారు. ఆత్మకూరు అవతలి తండా నుంచి వచ్చిన మనిషికి ఏ రోజు, ఏ ఓపీ గది, ఏ డాక్టరు, ఆ రోజు పరగడుపున రావాలా తిని రావాలా అన్నది తెలియకపోతే ఒక రోజు కూలీ, బస్సు చార్జీలు రెండూ పోతాయి. ఆ వరుసను నింపేటప్పుడు మాత్రం తొందరపడవద్దు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. నిన్నటి రోగి సమ్మరీని తెరిచి, పేరు మార్చి, మిగతాది దిద్దుకుంటూ పోవడం వేగంగా ఉంటుంది కాబట్టి అందరూ చేస్తారు. మగ రోగి సమ్మరీలో గర్భాశయ స్కాను, మధుమేహం లేనివారికి ఇన్సులిన్ మోతాదు, ఎడమ కాలి స్థానంలో కుడి కాలు కనిపించేది ఇందువల్లనే. ప్రతి ఆపరేషన్‌కూ గడులు ఖాళీగా ఉన్న నమూనాను ఒకటి తయారు చేసుకుని, దాని నుంచే మొదలుపెట్టాలి. ఖాళీ గడి ఖాళీగానే కనిపిస్తుంది. పాత రోగి వివరం మాత్రం కొత్త రోగి వివరంలా కనిపిస్తుంది.

సమయాలను 24 గంటల పద్ధతిలో రాయండి. రాత్రి పన్నెండు దాటిన తరువాత అరగంటకు చేరిన రోగిది కొత్త తేదీ. వెంట వచ్చినవారు "నిన్న రాత్రి" అన్నా సరే, 00:30 అని కొత్త తేదీతోనే ఎక్కించాలి.

పథకం కాగితాలు, బీమా కాగితాలు

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి విడతలో ఉన్న మూడు జిల్లాల్లో మన పక్కనున్న అనంతపురం ఒకటి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పెద్దవారిలో చాలామంది ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అడుగుతారు, మీరు అర్థం చేసుకుంటే చాలు. పథకం వర్తించే ఆసుపత్రిలో దానికోసం ప్రత్యేకమైన డెస్కు ఉంటుంది. కార్డు పరిశీలన, నమోదు అక్కడ జరుగుతాయి. మీ బాధ్యత ఆ డెస్కుకు కావలసిన వైద్య కాగితాలను సిద్ధం చేయడం: డాక్టరు నోట్సు, రోగ నిర్ధారణకు ఆధారమైన పరీక్షల నివేదికలు, స్కాను చిత్రాలు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ. అత్యవసరం కాని ఆపరేషన్‌కు ముందుగా అనుమతి రావాలి కాబట్టి, అనుమతి కోరిన తేదీ కంటే ఆపరేషన్ తేదీ ముందుగా ఉన్న కాగితం కనబడితే వెంటనే అడగండి. డిశ్చార్జి తరువాత 10 రోజుల మందులు కూడా ప్యాకేజీలోనే భాగమని రోగికి తెలియకపోవచ్చు. సమ్మరీ ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పడం మీ పనిలో భాగమే.

కర్నూలులో ప్రత్యేకంగా చూసుకోవలసినది రోగిది ఏ రాష్ట్రమన్నది. ఆలంపూరు నుంచి వచ్చిన రోగికి తెలంగాణ కార్డు ఉంటుంది, బళ్లారి రోగికి కర్ణాటకది. "కార్డుంది" అన్న మాట విని ఊరుకోకుండా కార్డు చూసి, మన పథకం వర్తించదని తేలితే ఆ సంగతి చేరే రోజే పథకం డెస్కు ద్వారా వారికి స్పష్టంగా తెలిసేలా చేయాలి. ఆపరేషన్ అయిన తరువాత బిల్లు చూసి గొల్లుమనే పరిస్థితి రానివ్వకూడదు.

ప్రైవేటు ఆరోగ్య బీమా ఉన్నవారి విషయంలో, నగదు రహిత చికిత్సకు కోరిన అనుమతిని గంటలోగా తేల్చాలని, డిశ్చార్జి సమయంలో తుది అనుమతిని 3 గంటలలోగా ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో కంపెనీలను ఆదేశించింది. ఆ గడియారం ఆసుపత్రి నుంచి పూర్తి కాగితాలు వెళ్లిన తరువాతనే మొదలవుతుంది. డాక్టరు ఉదయం రౌండ్స్‌లో "ఈరోజు పంపిద్దాం" అన్న వెంటనే సమ్మరీ మొదలుపెడితే మధ్యాహ్నానికి రోగి ఇంటికి బయలుదేరగలడు. బిల్లింగ్ నుంచి ఫోను వచ్చేదాకా ఆగితే రాత్రి అవుతుంది. జబ్బు ఎప్పటి నుంచి ఉందన్న ప్రశ్న దగ్గర కంపెనీలు చాలా పట్టుదలగా ఉంటాయి కాబట్టి, "పదేళ్లుగా షుగరు" అని రోగి చెప్పిందీ "రెండేళ్లుగా" అని నర్సు రాసిందీ కేస్ షీటులో రెండూ ఉంటే, ఏది నిజమో డాక్టరు రోగిని అడిగి తేల్చేదాకా పంపవద్దు. బీమా వచ్చేలా మార్చి రాయమని బంధువులు అడిగితే, లేదని మర్యాదగా చెప్పడం తప్ప మరో దారి లేదు.

చట్టం కన్ను ఉన్న కాగితాలు

రోడ్డు ప్రమాదాలు, కొట్లాట గాయాలు, కాలిన గాయాలు, పురుగుమందు తాగిన కేసులు మెడికో లీగల్ కేసులుగా (ఎంఎల్‌సీ, అంటే పోలీసుల, కోర్టుల దాకా వెళ్లగల కేసులు) నమోదవుతాయి. పత్తి, వేరుశనగ చేల మీద బతికే జిల్లా కాబట్టి చివరి రకం ఇక్కడ తరచు కనిపిస్తుంది. ఏ కేసు ఎంఎల్‌సీ అవుతుందో నిర్ణయించేది డాక్టరే. ఆ తరువాత రిజిస్టరులో వరుస సంఖ్య, తేదీ, సమయం, ఎవరు తీసుకొచ్చారు, రోగి శరీరంపై గుర్తింపు మచ్చలు, పోలీసులకు సమాచారం పంపిన వేళ, దానిని అందుకున్న వారి సంతకం అన్నీ పూర్తయ్యాయో లేదో చూసేది మీరు. ఈ రిజిస్టరులో వరుసల మధ్య ఖాళీ ఉంచకూడదు, దిద్దు ద్రవం వాడకూడదు. తప్పు పడితే చదవగలిగేలా ఒక్క గీతతో కొట్టి, పక్కన సరైనది రాసి, డాక్టరు సంతకం, తేదీ తీసుకోవాలి. ఎన్నో ఏళ్ల తరువాత కోర్టులో ఈ పుట తెరుచుకోవచ్చు, అప్పటికి ఆ డాక్టరు బదిలీ అయి వేరే ఊళ్లో ఉండవచ్చు.

ఆసుపత్రిలో జరిగిన జననాలను, మరణాలను 21 రోజులలోగా రిజిస్ట్రారుకు తెలియజేసే బాధ్యత ఆసుపత్రిదే, కుటుంబానిది కాదు. జననానికి ఫారం 1, మరణానికి ఫారం 2, మృత శిశువు పుడితే ఫారం 3, ఆసుపత్రి మరణానికి కారణాన్ని ధ్రువీకరించేది ఫారం 4. గడువు దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి కాబట్టి, నెలాఖరున కట్టగట్టి పంపే పద్ధతి వద్దు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి జనన ధ్రువపత్రమే బడి నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి రుజువు. ఫారం 1లో తల్లిదండ్రుల పేర్లను పంపే ముందు వారికే చదివి వినిపించండి. బిడ్డ పేరు ఇంకా పెట్టలేదంటే ఆ గడి ఖాళీగా పంపవచ్చు, ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్చుకునే వీలుంది. ఫారం 4లో "గుండె ఆగిపోవడం" అని మాత్రమే ఉంటే అది చనిపోయిన తీరు తప్ప కారణం కాదని రిజిస్ట్రారు కార్యాలయం తిప్పి పంపవచ్చు. అసలు జబ్బును కింది వరుసలో రాయమని డాక్టరుకు గుర్తుచేయండి, మీరు నింపవద్దు.

గర్భిణికి స్కాన్ చేసే ప్రతి చోటా గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం ఎఫ్ నింపాలి, ప్రతి నెలా 5వ తేదీలోగా నివేదిక పంపాలి, రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలి. అందులో ఒక గడి ఖాళీగా ఉండటం గుమాస్తా పొరపాటేనని, దానికి డాక్టరును శిక్షించరాదని వైద్యుల సమాఖ్య చేసిన వాదనను సుప్రీంకోర్టు 2019లో అంగీకరించలేదు. అంటే మీ కలం కింద మిగిలిపోయిన ఖాళీకి జవాబు చెప్పుకోవలసింది స్కాన్ చేసిన వైద్యుడు.

సిక్ సర్టిఫికెట్లు తేలికగా కనిపించే తలనొప్పి. వెనకటి తేదీ వేయమని తెలిసినవారే వచ్చి అడుగుతారు. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టునూ రోగి సంతకం లేదా వేలిముద్రతో, కనీసం ఒక గుర్తింపు మచ్చతో రిజిస్టరులో ఎక్కించి నకలు ఉంచాలన్నది వైద్య మండలి నిబంధన. వరుస సంఖ్యలతో రిజిస్టరు సక్రమంగా నడుస్తుంటే వెనకటి తేదీకి చోటు దొరకదు. అది చూపించడమే మొహమాటం లేని జవాబు.

ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు

ఈ ఊళ్లో అందరూ అందరికీ తెలిసినవారే. "మా పిన్నమ్మ కొడుకు మీ దగ్గర చేరినాడంట కదా, ఏమైందంట?" అని టీ కొట్టు దగ్గర కూడా అడుగుతారు. ఆ ప్రశ్నలో ప్రేమే ఉండవచ్చు. అయినా జవాబు ఒకటే: "డాక్టరు గారినో, వాళ్లింట్లో వాళ్లనో అడగండన్నా." చేరాడా లేదా అన్న సంగతి కూడా చెప్పకపోవడమే పద్ధతి. హెచ్‌ఐవీ స్థితిని ఆ వ్యక్తి అనుమతి లేకుండా వెల్లడించడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది కాబట్టి ఫైలు అట్ట మీద ఎర్ర గుర్తు పెట్టడం, పేరు పక్కన సంకేతం రాయడం వంటి పాత అలవాట్లు ఎక్కడైనా మిగిలి ఉంటే మానిపించాలి. గర్భస్రావం కేసుల రిజిస్టరు రహస్య పత్రం. దానిని బీరువాలో తాళం వేసి ఉంచాలి, ఓపీ బల్ల మీద ఉంచకూడదు.

డాక్టరు ఊళ్లో లేనప్పుడు రిపోర్టును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. ఆసుపత్రి అనుమతించిన ఫోను నుంచి మాత్రమే పంపండి, నంబరు రెండుసార్లు చూసుకోండి, పని అయ్యాక ఆ ఫోనులోని చిత్రాన్ని తొలగించండి. సొంత ఫోనులో రోగుల ఎక్స్‌రేలు పేరుకుపోవడం ఏ విధంగానూ మంచిది కాదు.

రోగి గానీ, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గానీ తన రికార్డు నకలు అడిగితే, అడిగిన తేదీతో రసీదు ఇచ్చి 72 గంటలలోగా అందజేయాలి. ఇది దయ కాదు, వారి హక్కు. బిల్లు బాకీ ఉందని కాగితాలు ఆపమని ఎవరైనా చెబితే ఆ ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. సాధారణంగా అక్కడితో ఆ మాట ఆగిపోతుంది.

పరీక్ష ఫలితం చేతికి రాగానే "అమ్మా, ఇందులో ఏముంది, భయం లేదు కదా?" అని అడిగేవారికి జవాబు చెప్పాలని మనసు కొట్టుకుంటుంది. రోజూ చూస్తుంటే ఏది ఎక్కువో ఏది తక్కువో మీకూ అర్థమవుతుంటుంది. అయినా "భయం లేదు" అనడం కూడా వైద్య సలహాయే. ఎప్పుడు డాక్టరును కలవగలరో చెప్పండి, వీలైతే ఆ రోజే కలిపించండి. ఫలితంలో ల్యాబు ఎర్రగా గుర్తించిన అంకె ఉంటే మాత్రం వరుస కోసం ఆగకుండా ఆ నివేదికను వెంటనే డాక్టరుకు చూపించి, చూపించిన సమయాన్ని రాసి పెట్టుకోండి.

డాక్టరు గారి రోజు, రికార్డు గది

అపాయింట్‌మెంట్లు ఇచ్చేటప్పుడు దూరపు ఊళ్లవారిని ఉదయం వరుసలోనే ఉంచితే వారికి సాయంత్రం బస్సు దొరుకుతుంది; పట్టణంలో ఉన్నవారికి సాయంత్రం ఓపీ సరిపోతుంది. మందుల కంపెనీల ప్రతినిధులకు ఒక వేళ నిర్ణయించి ఆ వేళలోనే లోపలికి పంపాలి. ఆపరేషన్ రోజున ఓపీకి రోగులను పిలవవద్దు. హైదరాబాదుకో, తిరుపతి స్విమ్స్‌కో, బెంగళూరుకో రిఫర్ చేసే ఉత్తరంలో ఇప్పటిదాకా ఇచ్చిన మందులు, చివరి డోసు ఇచ్చిన సమయం, రోగికి పడని మందులు, ఇక్కడి డాక్టరు ఫోను నంబరు ఉండాలి. ఆ ఉత్తరాన్ని రోగి చేతికి ఇచ్చి, నకలు కేస్ షీటులో పెట్టండి.

ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి కనీసం మూడేళ్లు ఉంచాలన్నది వైద్య మండలి నిబంధన. మెడికో లీగల్ ఫైళ్లను, కోర్టు కేసు నడుస్తున్న వాటిని ఆ గడువుతో సంబంధం లేకుండా విడిగా భద్రపరచాలి, రాతపూర్వక అనుమతి లేనిదే తీసివేయకూడదు. ఫైలు బయటికి వెళ్లిన ప్రతిసారీ దాని స్థానంలో ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీసుకున్నారో రాసిన అట్టముక్క పెట్టండి. అరను గోడకు ఆనించవద్దు, కింది అరను నేలకు తాకనివ్వవద్దు, చెదలు ఎండాకాలం కూడా ఆగవు.

డ్యూటీ దిగే ముందు ఒక పుటలో నాలుగు సంగతులు రాసి తరువాత వచ్చేవారికి ఇవ్వాలి: సంతకం కావలసిన సమ్మరీలు, జవాబు రావలసిన అనుమతులు, తిరిగి రాని ఫైళ్లు, డాక్టరుకు ఇంకా చెప్పని ఫలితాలు. నోటితో చెప్పినా సరే, రాసి కూడా ఇవ్వండి. చివరి వరుసలో ఏమైనా మిగిలి ఉంటే దానిని డాక్టరుకు చేరవేసిన తరువాతనే బయలుదేరండి.